నోట్సు మూసేశాక ఎంత మిగిలింది?

విజయనగరం

చిరంజీవులు పాపకీ, చిన్నోడికీ తాతయ్య ఆశీస్సులు.

ఎచ్చెర్లలో హాస్టల్ బాగానే ఉందని మీ అమ్మ చెప్పింది. చిన్నోడు మాత్రం "రాత్రీ పగలూ చదువుతున్నాను, మిడ్ పరీక్షలో కూర్చుంటే ఒక్క ముక్క గుర్తు రావట్లేదు" అని వాపోయాడట. డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి కదా, ఈ మాట అనని బ్యాచ్‌ను నేను చూడలేదు. అలా అన్నవాళ్లలో బద్ధకస్తులు తక్కువే. జిరాక్స్ నోట్సు తెచ్చుకుంటారు, పచ్చరంగు పెన్నుతో సగం పేజీకి గీతలు గీస్తారు, దాన్నే నాలుగుసార్లు తిరగేస్తారు. నాలుగోసారికి పేజీ చూడగానే అంతా వచ్చేసినట్టే ఉంటుంది. పేజీ మూసేసి అడిగితే నీళ్లు నములుతారు.

2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు సైకాలజిస్టులు దీన్ని పరీక్షించి చూశారు. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని నాలుగు విడతలూ చదువుతూనే ఉన్నారు. ఇంకొందరు ఒక విడత చదివి, మిగతా మూడు విడతల్లో చూడకుండా గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాలయ్యాక అడిగితే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే వాళ్లకు గుర్తున్నది 40 శాతం, చూడకుండా రాసినవాళ్లకు 61 శాతం. తమాషా ఏమిటంటే, మాకు బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమాగా ఉన్నది చదివినవాళ్లే!

కాబట్టి ఏ రోజు క్లాసు ఆ రోజు సాయంత్రం నోట్సు మూసేసి, తెల్లకాగితం మీద గుర్తున్నంత రాయండి. పావుగంట చాలు. తర్వాత నోట్సు తెరిచి, తప్పిపోయినవి ఎర్ర పెన్నుతో చేర్చండి. రెండు రోజులాగి మళ్లీ, వారానికి మళ్లీ. మొదట్లో కాగితం సగం ఎర్రగానే ఉంటుంది, బుర్ర వేడెక్కుతుంది, చిరాకేస్తుంది. వెయ్యనివ్వండి. హాయిగా తిరగేసే చదువు కన్నా ఈ చిరాకు చదువే పరీక్ష హాల్లో అక్కరకొస్తుంది.

పాప తెలుగు మీడియం నుంచి వెళ్లింది కాబట్టి దానికి ఇంకో మాట. ఇంగ్లీషు వాక్యాన్ని అర్థం కాకుండా బట్టీ పట్టకు తల్లీ. 'ఎలాస్టిసిటీ ఆఫ్ డిమాండ్' అని పుస్తకంలో ఉంటుంది. ఉప్పు ధర రెట్టింపైనా అమ్మమ్మ కొనడం మానదు. పలాస జీడిపప్పు ధర పెరిగితే మాత్రం ఈ నెల పాయసంలో పప్పుల్లేవంటుంది. ధర కదిలినప్పుడు కొనుగోలు ఎంత కదులుతుందన్నదే ఆ పాఠం. ఇలా ముందు మన ఇంటి తెలుగులో నీకు నువ్వు చెప్పుకో, ఆ తర్వాత ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాయి. శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు చదువు వాడుక భాషలో ఉండాలని అంత పోరాడింది ఊరికే కాదు.

కంబైన్డ్ స్టడీ మంచిదే, ఒక్కొక్కరూ ఒక్కో టాపిక్ మిగతావాళ్లకు చెప్పేటట్టయితే. లేకపోతే అది టీ కొట్టు దగ్గర తేలుతుంది, నాకు తెలియనిదా!

పరీక్ష ముందురోజు నైట్ ఔట్లు మానండి. పగలు చదివింది బుర్రలో కుదురుకునేది నిద్రలోనే. చదివేటప్పుడు ఫోను సైలెంట్‌లో పెట్టి పక్కనే ఉంచుకుంటే లాభం లేదు, చెయ్యి దానంతటదే వెళ్తుంది. రూమ్మేట్‌కి ఇచ్చెయ్యండి, లేదా పెట్టెలో పడేసి తాళం వెయ్యండి. టిఫిన్ మానేసి క్లాసుకు పరుగెత్తే అలవాటు ఎవరిదో నాకు తెలుసు, పేరు రాయను.

ఒక సబ్జెక్టు పోయినా టెన్షన్ పడి ఇంట్లో దాచకండి. సప్లీ రాసి గట్టెక్కినవాళ్లు నా క్లాసుల్లో బోలెడుమంది. దిగులు ఎక్కువై నిద్ర పట్టకపోతే మాత్రం అమ్మకో నాకో ఫోన్ చెయ్యండి, అర్ధరాత్రయినా సరే.

మన పైడితల్లమ్మ సిరిమాను పండగ దసరా వెళ్లాక వచ్చే మంగళవారం. ఆ వారం చదవాల్సినవి ముందు వారమే కానిచ్చుకుని, ముందురోజు సోమవారం జరిగే తొలేళ్ల వేడుక వేళకే ఇంటికి వచ్చెయ్యండి. మంగళవారం మూడులాంతర్ల దగ్గర జనంలో నిలబడలేను గానీ, కోట వైపు ఒక మేడ మీద చోటు మాట్లాడి ఉంచాను. పుస్తకాల సంచీ తేవద్దు.

మీ తాతయ్య