గోరు మీద దుప్పటి అచ్చు

పోయిన శ్రావణంలో మా అక్క కూతురి నిశ్చితార్థానికి ముందు రోజు రాత్రి, పనులన్నీ అయ్యి, కూకట్‌పల్లిలో మా ఫ్లాట్ హాల్లో కూర్చుని కాలి గోళ్లకు మెరూన్ నెయిల్ పాలిష్ వేసుకునేసరికి పదకొండయింది. ఫ్యాన్ ఫుల్‌లో పెట్టి అరగంట ఆగా, తాకితే అంటుకోలేదు, ఇంక పడుకున్నా. పొద్దున లేచి చూస్తే రెండు బొటనవేళ్ల గోళ్ల మీదా దుప్పటి నేత అచ్చు దిగిపోయింది, పోగు పోగూ లెక్కపెట్టొచ్చు. "చిన్నమ్మా, ఇది కొత్త డిజైనా?" అని ఆ పిల్ల ఒకటే నవ్వు.

తాకితే అంటుకోనంత మాత్రాన పాలిష్ ఎండినట్టు కాదు. దాంట్లో అసలు సరుకు నైట్రోసెల్యులోజ్, అంటే పత్తిలో ఉండే సెల్యులోజ్‌కి నైట్రిక్ ఆమ్లం పట్టిస్తే వచ్చేది. 1846లో షాన్‌బైన్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రకటించిన గన్ కాటన్ కూడా ఇదే. నైట్రోజన్ ఎక్కువ పట్టిస్తే పేలుడు మందు, తక్కువ పట్టిస్తే మెరిసే పొర. పాత సినిమా రీళ్లు ఊరికే నిప్పంటుకునేవంటారే, అవీ ఈ కుటుంబమే. దీన్ని ఈథైల్ ఎసిటేట్, బ్యూటైల్ ఎసిటేట్ అనే ద్రవాల్లో కరిగించి, రంగు కలిపి సీసాలో పోస్తారు. మూత తీయగానే వచ్చే ఆ మగ్గిన పండు లాంటి వాసన వీటిదే. మొదటిది 77 డిగ్రీల దగ్గర మరుగుతుంది కాబట్టి గబగబా ఎగిరిపోతుంది, రెండోది 126 డిగ్రీలది, నింపాదిగా పోతుంది. ముందు పైపొర బిగుసుకుంటుంది, పాల మీద మీగడ కట్టినట్టు. ఇక కింద మిగిలిన ద్రవం ఆ మీగడలోంచి దారి చేసుకుని బయటికి రావాలి, పొర రెట్టింపు మందం ఉంటే దానికి పట్టే టైమ్ రెట్టింపు కాదు, సుమారు నాలుగు రెట్లు. నేనేమో తొందరగా అయిపోతుందని ఒకే కోటు దట్టంగా పూశాను! పలచగా రెండు కోట్లు వేసి మధ్యలో ఐదు నిమిషాలు ఆగుంటే సరిపోయేది. ఫ్యాన్ గాలి కూడా పై మీగడనే ముందు కట్టిస్తుంది.

వానాకాలంలో ఇంకో తంటా ఉంది. ద్రవం ఆవిరవుతూ గోటి మీది వేడిని లాక్కుపోతుంది, పొర చల్లబడుతుంది, గాలిలో తేమ బాగా ఉంటే అది ఆ చల్లటి పొర మీద చేరి రంగు తెల్లగా మసకబారుతుంది. ముసురు పట్టిన రోజున కిటికీలు బార్లా తీసి పాలిష్ వేసుకుంటే ఇది ఎదురవచ్చు. సీసా దడదడా ఊపడం కూడా వద్దు, బుడగలొస్తాయి. అరచేతుల మధ్య దొర్లిస్తే లోపలున్న గోళీలే కలిపేస్తాయి.

ఇంకో తప్పు కూడా చేశా, కాళ్లు నానబెట్టిన వెంటనే పాలిష్ వేశా. గోరు చూడ్డానికి గట్టిగా ఉంటుంది కానీ నీళ్లు బాగానే పీలుస్తుంది, కాస్త ఉబ్బుతుంది, ఆరాక మళ్లీ సర్దుకుంటుంది. పైన బిగిసిన పాలిష్ అలా సర్దుకోలేదు, అందుకే అంచుల దగ్గర పెచ్చులుగా లేస్తుంది. నానబెట్టడం ఈ రోజు, రంగు రేపు, అంతే.

నానబెట్టడం మడమల కోసం మాత్రం మంచిదే. అరికాళ్లలో చెమట గ్రంథులు బోలెడు, నూనె గ్రంథులు మాత్రం ఒక్కటీ లేవు. పైగా అక్కడ చర్మం మందం, అది ఎండితే సాగదు, బరువు పడగానే పగులుతుంది. మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్లు ఉప్పు నీళ్లు, సబ్బు నురగ రాదు, తెట్టు కట్టి చర్మానికి అంటుకుంటుంది, కాబట్టి చివర్లో మంచి నీళ్లతో ఒకసారి కడుక్కోవాలి. గోరువెచ్చని నీళ్లలో పదిహేను నిమిషాలు చాలు, తర్వాత రాయితో మెల్లగా రుద్ది, తడి పూర్తిగా ఆరకముందే వ్యాజిలిన్ రాస్తే లోపలి తేమ బయటికి పోదు. కసిగా రుద్దితే మాత్రం చర్మం తనను కాపాడుకోడానికి ఇంకా మందంగా పెరుగుతుంది. బ్లేడు జోలికి అసలు పోకండి. షుగర్ ఉండి పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు నీళ్ల వేడి వేరేవాళ్ల చేత చూపించుకోవాలి, కాలికి కాలినా వాళ్లకు తెలియదు.

గోరు మొదట్లో ఉండే సన్నటి చర్మం, క్యూటికల్, చాలామంది కత్తిరించేస్తారు. సూక్ష్మజీవులు లోపలికి పోకుండా అది సీలు లాంటిది. తీసేస్తే వచ్చేది గోరుచుట్టు, దాని మీద రోకటిపోటు గురించి చెప్పక్కర్లేదు కదా. గోళ్లను మూలల్లోకి వంపు తిప్పకుండా నేరుగా కత్తిరించండి.

ఆ పొద్దున అచ్చుపడ్డ రంగు తుడవడానికి రిమూవర్ తీశాను. అందులో అసిటోన్ ఉంటుంది, మైనస్ 20 డిగ్రీల దగ్గర కూడా నిప్పంటుకునేంత ఆవిరి వదిలే సరుకు, అందుకే స్టవ్ దగ్గరా దేవుడి దీపం దగ్గరా వద్దు. నేను ఆ జాగ్రత్త పడ్డాను కానీ తడి దూదిని మా అమ్మ కళ్లద్దాల మీద పెట్టాను. ఆ ఫ్రేమ్ సెల్యులోజ్ ఎసిటేట్, అదీ అసిటోన్‌లో కరిగేదే, ఒక పక్క నునుపు పోయి తెల్లబడింది. అమ్మ ఇప్పటికీ అవే పెట్టుకుంటుంది, ఆ మచ్చ నాకు కనిపించేలా తల తిప్పి మరీ.

దూదిని గోటి మీద పది సెకన్లు అదిమి పట్టి లాగితే మెరూన్ మొత్తం వచ్చేసింది. కింద నుంచి ఆషాఢంలో పెట్టుకున్న మైదాకు ఎర్రగా బయటపడింది. దానికి అసిటోన్ లెక్కే లేదు, ఎందుకంటే మైదాకులోని లాసోన్ అనే రంగు పదార్థం గోటి మీద పొరలా కూర్చోదు, గోటిలోని కెరటిన్ అనే ప్రోటీన్‌నే పట్టుకుంటుంది. గోరుతో పాటు పెరిగి పోవాల్సిందే. కాలి బొటనవేలి గోరు నెలకు ఒకటిన్నర మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగా పెరుగుతుంది, మొత్తం మారడానికి ఏడాది, ఏడాదిన్నర. ఇంక పాలిష్ వేసే టైమ్ లేదు, ఆ మైదాకు కాళ్లతోనే నిశ్చితార్థానికి వెళ్లా. సంక్రాంతికి కూడా ఆ గోటి మీద సగం ఎరుపు అలాగే ఉంది.