ప్రత్యేకమైన ఇంట్లో సెలవుల బస: అపోహలు - వాస్తవాలు

కుటుంబాలకు సెలవుల బస చూసిపెట్టడం నా పని. హోటల్ గదులు కాదు. పాత మేడలు, కాఫీ తోటల్లో బంగళాలు, పడవ ఇళ్లు, విదేశాల్లో అయితే రాతి ఇళ్లు, గుళ్లలో ఇచ్చే వసతులు, ఇలాంటివి. ఫోన్ చేసేవాళ్లు చాలామంది "హోటళ్లు బోర్ కొట్టేశాయండీ, ఏదైనా వెరైటీగా చూడండి" అంటారు. తప్పకుండా చూడొచ్చు. కాకపోతే ఒకటి ముందే తెలిసి ఉండాలి. ఇంటికి ప్రత్యేకత ఎందువల్ల వచ్చిందో, ఆ ఇంట్లో ఇబ్బంది కూడా చాలావరకు అందువల్లే వస్తుంది. లావుపాటి రాతిగోడ ఎండను ఆపుతుంది, వైఫైని కూడా ఆపుతుంది. తోట మధ్యలో ఉన్న బంగళాకు పిట్టల అరుపులతో తెల్లవారుతుంది, కానీ మందుల షాపు పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. మీవాళ్లు ఏ ఇబ్బందిని మనసులో పెట్టుకోకుండా భరించగలరో ముందు తేల్చుకుంటే, ఇల్లు వెతకడం సగం అయిపోయినట్టే.

అపోహ: పాత ఇల్లయితే చాలు, ఏ గది ఇచ్చినా ఒకటే.

అస్సలు కాదు. తమిళనాడులోని చెట్టినాడు సంగతే తీసుకోండి. కారైకుడి, కానాడుకాత్తాన్ చుట్టుపక్కల నాట్టుకోట్టై చెట్టియార్లు బర్మా, మలయా, సిలోన్ వ్యాపారాల్లో సంపాదించి కట్టుకున్న మేడలివి. ముందు వాకిలి ఒక వీధిలో ఉంటే పెరటి వాకిలి వెనక వీధిలోకి తెరుచుకుంటుంది. బర్మా టేకు స్తంభాలు, తెల్లసొన కలిపిన సున్నంతో నున్నగా మెరిసే గోడలు, అద్దం మీద పోతపోసి చేత్తో తయారుచేసే ఆత్తంగుడి నేల పలకలు, అన్నీ చూడాల్సినవే. కోనసీమలో మండువా లోగిలి చూసినవాళ్లకైతే ఆ ఇల్లు ఇట్టే అర్థమైపోతుంది. అక్కడా ఇంటి నడిమధ్య ఆకాశం కనిపిస్తుంది, వాన నేరుగా లోపల పడుతుంది.

ఇక్కడే ఒక చిక్కుంది. మండువా చుట్టూ ఉండే గదులను ఇవాళ మనం పడగ్గది అనుకునే పద్ధతిలో కట్టలేదు. పెళ్లయిన ఒక్కో కొడుక్కీ ఒక్కో గది, అందులో వాళ్ల సామాను. పగలంతా ఇంటిల్లిపాదీ గడిపేది నడవాల్లో, మండువాలో. అందుకే ఆ గదులు చిన్నవి, కిటికీలు తక్కువ. అటాచ్డ్ బాత్రూమ్‌లు తర్వాతి కాలంలో చేర్చినవే. కాబట్టి బుక్ చేసేముందు "మాకిచ్చేది మండువా చుట్టూ ఉన్న పాత గదా, మేడ మీదదా, పెరటివైపు కొత్తగా కట్టిందా?" అని అడగండి. మూడింటిలో ఉన్న అనుభవం మూడు రకాలుగా ఉంటుంది, ధర మాత్రం ఒక్కోసారి ఒకటే ఉంటుంది. నన్నడిగితే, కాస్త ఇరుకైనా మండువా పక్క గదే తీసుకోమంటాను. అంత దూరం వెళ్లేది ఆ మండువా కోసమే కదా. ఎండాకాలంలో మాత్రం వద్దు, నవంబరు నుంచి ఫిబ్రవరి లోపల వెళ్లండి.

అపోహ: ఫోటోలు బాగున్నాయి, ఇంకేం చూడాలి?

ఫోటోల్లో ఏముందో అందరూ చూస్తారు, ఏం లేదో చూడాలి. ముప్పై ఫోటోల్లో ఒక్కటి కూడా బాత్రూమ్‌ది లేకపోతే అడిగి తెప్పించుకోండి. అన్నింట్లో కర్టెన్లు మూసే ఉంటే కిటికీ అవతల పక్కింటి గోడో, బస్సులు తిరిగే రోడ్డో ఉందేమోనని అనుమానించాలి. వైడ్ లెన్స్‌తో తీస్తే పది అడుగుల గది కూడా హాలులా కనిపిస్తుంది. మంచానికీ గోడకూ మధ్య మనిషి నడిచే సందు ఉందా లేదా చూస్తే అసలు సైజు తెలిసిపోతుంది.

నేను ప్రతి కొత్త ఇంటికీ తప్పకుండా చేసే పని ఒకటుంది. ఇంటివాళ్లకు వాట్సాప్‌లో ఇలా పెడతాను: "గేటు దగ్గర మొదలుపెట్టి, మావాళ్లు పడుకునే మంచం దాకా ఆపకుండా నడుస్తూ ఒక వీడియో తీసి పంపగలరా?" మెట్లు ఎన్ని, గడప ఎంత ఎత్తు, తలుపు దగ్గర తల వంచాలా, రోడ్డు చప్పుడు లోపలిదాకా వస్తుందా, కుక్క ఉందా, అన్నీ ఆ ఒక్క వీడియోలో బయటపడతాయి. తీసేటప్పుడు వాళ్లే "ఇక్కడ కొంచెం జాగ్రత్తగా దిగాలండీ" అని చెబుతూ నడిచారంటే, ఆ ఇంటికి నేను నిశ్చింతగా జనాన్ని పంపుతాను. ఇంటిని చూసుకునే మనిషి మంచివాడైతే చిన్నచిన్న లోపాలు ఎవరికీ గుర్తుండవు.

మన దేశంలో అయితే ఇంకో ప్రశ్న కూడా వేయాలి: "దగ్గర్లో కల్యాణ మండపం ఉందా?" పెళ్లిళ్ల సీజన్‌లో ఎంత గొప్ప హవేలీ అయినా డీజే ముందు నిలవదు.

అపోహ: కిచెన్ ఉందని రాశారు, మన వంట మనమే చేసుకోవచ్చు.

మన కుటుంబాలకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది తిండే. అందుకే ఈ ఒక్క మాట చూసి బుక్ చేసేస్తుంటారు. యూరప్‌లో చాలా అపార్ట్‌మెంట్లలో ఉండేది చిన్న ఇండక్షన్ లేదా ఎలక్ట్రిక్ పొయ్యి, రెండు గిన్నెలు, ఒక పెనం. కుక్కర్ ఉండదు. ఎండుమిర్చి తాలింపు పొగకు ఫైర్ అలారం మోగితే బిల్డింగ్ మొత్తం మెట్ల మీదకు వస్తుంది. ఎగ్జాస్ట్ ఉందా, పొయ్యి ఏ రకం అని ముందే కనుక్కోండి. ఇండక్షన్ అయితే దానికి పనికొచ్చే చిన్న కుక్కర్ సూట్‌కేసులో పెట్టుకుంటే అన్నం, పప్పుకు లోటుండదు.

దీనికంటే మంచి మార్గం, వంట మనిషి ఉన్న ఇల్లు వెతకడం. శ్రీలంక తేయాకు తోటల్లో బ్రిటిష్ దొరల కాలం నాటి బంగళాలు చాలావాటిలో వంటమనిషి ఇంటితోపాటే ఉంటాడు. కొబ్బరిపాల కూరలు, పప్పు, అన్నం, సంబల్ అనే పచ్చడి... మనవాళ్లకు రెండో పూటకే అలవాటైపోతాయి. కొడగు కాఫీ తోటల్లో హోమ్‌స్టేలలోనూ ఇంటి వంటే పెడతారు.

జపాన్ వెళ్లే శాకాహారులకు నేను మొదట చెప్పే పేరు కోయాసాన్. వాకయామా ప్రాంతంలో కొండ మీదుంది. దాదాపు 50 బౌద్ధ ఆలయాల్లో బస ఇస్తారు. వాళ్లు పెట్టే షోజిన్ ర్యోరి భోజనంలో మాంసం, చేపలు ఉండవు, ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. మామూలు జపాన్ హోటళ్లలో కూరగాయల వంటకంలో కూడా చేపతో చేసిన దాషి రసం కలుస్తుంది. కోయాసాన్‌లో ఆ భయం లేదు. కాకపోతే రాత్రి భోజనం ఆరింటికల్లా పెట్టేస్తారు, తెల్లవారుజామున ప్రార్థన ఉంటుంది, పరుపు నేల మీద, చాలాచోట్ల స్నానం కామన్ బాత్‌లో. ఇంట్లో పెద్దవాళ్లకు మోకాళ్ల నొప్పులుంటే మంచాలున్న గది ఏ ఆలయంలో ఉందో ముందే వెతకాలి.

అపోహ: యాప్‌లో కనిపిస్తోందంటే పర్మిషన్ ఉన్నట్టే.

పొరపాటున కూడా ఇలా అనుకోకండి. సింగపూర్‌లో ప్రైవేటు ఫ్లాట్లను మూడు నెలల కంటే తక్కువకు, ప్రభుత్వ హెచ్‌డీబీ ఫ్లాట్లను ఆరు నెలల కంటే తక్కువకు అద్దెకివ్వడం చట్టవిరుద్ధం. నాలుగు రోజుల ట్రిప్‌కు అక్కడ ఫ్లాట్ దొరికిందంటే అది రూల్స్‌కు విరుద్ధంగా ఇస్తున్నదే. ప్రత్యేకంగా ఉండాలంటే చైనాటౌన్, లిటిల్ ఇండియాల్లో పాత షాప్‌హౌస్‌లను (కింద దుకాణం, పైన ఇల్లు ఉండే కట్టడాలు) హోటళ్లుగా మార్చినవి ఉన్నాయి, వాటిలో దిగండి. న్యూయార్క్‌లో 2023 సెప్టెంబరు నుంచి 30 రోజులలోపు అద్దెలకు నగరపాలక సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి, ఇంటివాళ్లు కూడా అదే ఇంట్లో ఉండాలి, అతిథులు ఇద్దరికి మించకూడదు. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్లి, అక్కడినుంచి న్యూయార్క్ చూడాలనుకునే తల్లిదండ్రులు ఇది గుర్తుంచుకోవాలి.

జపాన్‌లో 2018 జూన్ నుంచి కొత్త చట్టం వచ్చింది. ఇంటిని అద్దెకిచ్చేవాళ్లు రిజిస్ట్రేషన్ నంబరు చూపించాలి, ఏడాదికి 180 రోజులకు మించి ఇవ్వకూడదు. క్యోటోలో పూర్తిగా నివాస ప్రాంతమైతే జనవరి మధ్య నుంచి మార్చి మధ్య దాకానే అనుమతి. చెర్రీ పూల కాలం ఏప్రిల్‌లో కదా! అప్పుడు అలాంటి వీధిలో మాచియా అనే పాతకాలపు చెక్క ఇల్లు ఇస్తామంటున్నారంటే వాళ్లకు హోటల్ తరహా లైసెన్స్ ఉండి తీరాలి. అడిగితే తప్పులేదు, సక్రమంగా నడిపేవాళ్లు వెంటనే నంబరు ఇస్తారు. ఇటలీలో 2025 జనవరి నుంచి ప్రతి సెలవుల ఇంటికీ సీఐఎన్ అనే జాతీయ కోడ్ తప్పనిసరి. ప్రకటనలోనూ రాయాలి, గుమ్మం దగ్గరా పెట్టాలి. ఆ కోడ్ లేని ఇంటిని నేను అసలు పరిశీలించను.

మన దేశంలో కూడా వ్యవస్థ ఉంది. కేరళ టూరిజం శాఖ హోమ్‌స్టేలకు డైమండ్, గోల్డ్, సిల్వర్ అని గ్రేడులు ఇస్తుంది. కేంద్ర పర్యాటక శాఖ గుర్తించే హోమ్‌స్టేలో గదులు ఒకటి నుంచి ఆరు దాకానే ఉండాలి, ఇంటివాళ్లు అక్కడే కాపురముండాలి. ఇరవై గదులున్న బిల్డింగ్ మీద హోమ్‌స్టే అని బోర్డు కనిపిస్తే అది పేరుకే. విదేశీ పాస్‌పోర్టున్న పిల్లలు, మనవలు వెంట వస్తుంటే ఇంకో జాగ్రత్త: అలాంటి అతిథుల వివరాలను 24 గంటల్లోగా ప్రభుత్వానికి తెలపడం ఇంటివాళ్ల బాధ్యత. అందుకు రిజిస్టర్ చేసుకోని చిన్న హోమ్‌స్టేలు గుమ్మం దాకా వచ్చాక గది లేదంటాయి. బుకింగ్ రోజే చెప్పేయండి.

అపోహ: ఇలాంటి ఇళ్లు బాగా డబ్బున్నవాళ్లకే.

ధర చూసేముందు అది దేనికో చూడండి. జపాన్‌లో ర్యోకాన్ అనే సంప్రదాయ సత్రం ధర మామూలుగా మనిషికి చెబుతారు, గదికి కాదు. అందులో రాత్రి భోజనం, ఉదయం టిఫిన్ కలిసి ఉండొచ్చు. నలుగురు వెళ్తే లెక్క పూర్తిగా మారిపోతుంది. బ్రిటన్‌లో ల్యాండ్‌మార్క్ ట్రస్ట్ దానికి తలకిందులు. 1965లో మొదలైన ఈ స్వచ్ఛంద సంస్థ కూలిపోబోయే చారిత్రక కట్టడాలను బాగుచేయించి బసకు ఇస్తుంది, ఆ అద్దెలు వాటి సంరక్షణకే పోతాయి. స్కాట్లాండ్‌లోని డన్‌మోర్‌లో అనాసపండు ఆకారంలో రాతి గోపురమున్న 18వ శతాబ్దపు కట్టడం వాళ్ల దగ్గరుంది, నలుగురు ఉండొచ్చు. ధర ఇల్లు మొత్తానికి. రెండు కుటుంబాలు కలిసి పెద్ద ఇల్లు తీసుకుని పంచుకుంటే లండన్‌లో మామూలు హోటల్ కంటే ఎక్కువేం కాదు, సీజన్ కాని రోజుల్లో తక్కువే పడొచ్చు. టీవీ ఉండదు. పిల్లలకు అది ముందే చెప్పి తీసుకెళ్లండి. స్పెయిన్‌లో ప్రభుత్వమే 1928 నుంచి పారడోర్ల పేరుతో కోటలను, మఠాలను హోటళ్లుగా నడుపుతోంది. వారం మధ్యలో, చలికాలంలో వాటి ధరలు బాగా దిగుతాయి.

పడవ ఇళ్ల గురించి రెండు మాటలు. అలప్పుజలో కెట్టువళ్లం రాత్రంతా తిరుగుతూనే ఉంటుందని చాలామంది అనుకుంటారు. మేకులు వాడకుండా కొబ్బరి తాళ్లతో పలకలు కుట్టి చేసే ఆ పడవలు సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో ఒడ్డుకు చేరి కట్టేసుకుంటాయి, ఆ తర్వాత జాలర్ల వలలు పడతాయి. చాలా బోట్లలో ఏసీ రాత్రిపూటే. శ్రీనగర్ దాల్ సరస్సులో హౌస్‌బోట్ అసలు కదలదు. చాలావాటిలోకి వెళ్లిరావాలంటే ప్రతిసారీ షికారా అనే చిన్న పడవ ఎక్కాల్సిందే.

అపోహ: రేటింగ్ 4.9 ఉంది, కళ్లు మూసుకుని బుక్ చేయొచ్చు.

ఎయిర్‌బీఎన్‌బీ లాంటి చోట అతిథి ఇంటివాళ్లకు, ఇంటివాళ్లు అతిథికి రివ్యూ రాసుకుంటారు. ముఖం చూసి మాట్లాడినవాళ్ల గురించి కఠినంగా రాయడానికి మనసొప్పదు. అందుకని స్టార్లు వదిలేసి, మీరు వెళ్లే నెలలోనే గతంలో వెళ్లినవాళ్లు ఏం రాశారో చదవండి. కొడగులో జనవరి రివ్యూకూ జులై రివ్యూకూ పొంతనే ఉండదు. జులైలో వాన, జలగలు, కరెంటు కోతలు. "దారి కొంచెం కష్టం, కానీ ఇల్లు అద్భుతం" లాంటి వాక్యంలో ఆ 'కానీ'కి ముందున్న భాగం ముగ్గురు రాశారంటే ఆ దారి నిజంగానే కష్టం.

చివరిగా డబ్బు కట్టే విషయం. యూరప్‌లో చాలా దేశాలకు పనికొచ్చే షెంజెన్ వీసాకు మొత్తం రోజులకూ బస చూపించాలి. చిన్న ఇళ్లేమో చాలావరకు అడ్వాన్స్ తిరిగివ్వవు. అందుకని వీసా అపాయింట్‌మెంట్‌కు ముందు ఉచితంగా క్యాన్సిల్ చేసుకునే వీలున్న ఇంటినే పట్టుకోండి. ఇంటివాళ్లు ఒప్పుకుంటే "వీసా రాకపోతే మొత్తం వాపసు" అని యాప్ మెసేజ్‌లోనే రాయించుకోండి. ఫోన్‌లో అన్న మాట తర్వాత చూపించలేరు. ఇటలీలో పాత ఊరి మధ్య ఇల్లు తీసుకుని కారు అద్దెకు తీసుకుంటే, ఆ వీధి జెడ్‌టీఎల్ (పర్మిట్ ఉన్న బండ్లనే రానిచ్చే ప్రాంతం) పరిధిలో ఉందేమో కూడా అప్పుడే అడగండి. పర్మిట్ లేకుండా ఆ గీత దాటిన ప్రతిసారీ కెమెరా పట్టేస్తుంది, ఫైన్ నోటీసు మీరు హైదరాబాద్ చేరిన కొన్ని నెలలకు వస్తుంది.