ఇసిగోనిస్ కారు, కంపెనీ ఖాతా

మారుతి 800 నుంచి నేటి హ్యాచ్‌బ్యాక్‌ల దాకా, చిన్న కారు బానెట్ ఎత్తితే ఇంజిన్ అడ్డంగానే ఉంటుంది. ఈ అమరికకు బజారులో గిరాకీ తెచ్చింది సర్ అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన మినీ. దాన్ని తయారుచేసిన కంపెనీకి మాత్రం ఆ పేరుకు తగ్గ డబ్బు మిగల్లేదు.

ఇసిగోనిస్ 1906లో ఒట్టోమన్ సామ్రాజ్యంలోని స్మిర్నాలో, అంటే నేటి ఇజ్మీర్‌లో పుట్టారు. 1922లో యుద్ధం ఊరి మీదికి రావడంతో కుటుంబం బ్రిటిష్ నౌకలో మాల్టా చేరింది. తండ్రి పోయాక తల్లీకొడుకులు ఇంగ్లండ్ వచ్చారు. బ్యాటర్సీ పాలిటెక్నిక్‌లో ఆయన లెక్కల పరీక్ష మూడుసార్లు తప్పారు. బొమ్మ గీయడంలో మాత్రం తిరుగులేదు.

1936లో మోరిస్ కార్ల కంపెనీలో చేరారు. 1948లో వచ్చిన మోరిస్ మైనర్ ఆయనదే. విడుదల దగ్గరపడ్డాక కారు మరీ సన్నగా ఉందనిపించి, నమూనాను నిలువునా రెండుగా కోయించి, ముక్కలను చూపుకు ఆనేదాకా దూరం జరిపించారు. నాలుగంగుళాలు పెరిగింది! బంపర్లు అప్పటికే పాత కొలతకు సిద్ధమైపోవడంతో వాటినీ కోసి మధ్యలో అతుకు వేశారు. పోచ్డ్ ఎగ్‌లా (పెంకు తీసి నీళ్లలో ఉడికించిన గుడ్డులా) ఉందని యజమాని లార్డ్ నఫీల్డ్ ఈసడించినా, పది లక్షలు దాటిన తొలి బ్రిటిష్ కారు అదే. మన దేశంలో బేబీ హిందుస్థాన్‌గా తిరిగిందీ అదే.

1956లో సూయజ్ సంక్షోభంతో పెట్రోలుకు రేషన్ వచ్చింది. జర్మన్ బుల్లి కార్లు బ్రిటిష్ రోడ్లెక్కాయి. వాటికి పోటీగా అసలైన చిన్న కారు కావాలని, ఇంజిన్ మాత్రం ఉన్నదే వాడాలని మోరిస్, ఆస్టిన్ కలిసి ఏర్పడ్డ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) అధిపతి లెనార్డ్ లార్డ్ పురమాయించారు. ఇసిగోనిస్ పొడవు పదడుగులు దాటనివ్వలేదు. ఇంజిన్‌ను అడ్డం తిప్పి, గేర్‌బాక్స్‌ను దాని కింద నూనె తొట్టిలోనే ఇమిడ్చి, పదంగుళాల చక్రాలు వేయించారు. స్ప్రింగుల బదులు ఇంజనీరు అలెక్స్ మౌల్టన్ రూపొందించిన రబ్బరు శంకువులు పెట్టారు. నేల వైశాల్యంలో దాదాపు 80 శాతం మనుషులకూ సామానుకూ మిగిలింది.

1959 ఆగస్టులో దాదాపు 497 పౌండ్లకు అమ్మకానికి పెట్టారు. ఫోర్డ్ వాళ్లు ఒక మినీని కొని, విప్పి, ఖర్చు లెక్కగట్టి, బీఎంసీకి బండికి 30 పౌండ్ల దాకా నష్టమని తేల్చారు. బీఎంసీ ఆ లెక్క ఒప్పుకోలేదు. నా ఉద్దేశంలో తప్పు ఇసిగోనిస్‌ది కాదు. అంత కొత్త యంత్రానికి అంత చవక ధర కట్టినవాళ్లది. అయితే మార్కెట్ సర్వేలంటే ఆయనకున్న చులకన కూడా కంపెనీని దెబ్బతీసింది. తర్వాత వచ్చిన 1800, మ్యాక్సీ అనే మోడళ్లలో చోటుకు కొదవ లేదు, కొనేవాళ్లే అనుకున్నంతగా రాలేదు.

1968లో బీఎంసీ విలీనమై బ్రిటిష్ లేలాండ్ ఏర్పడ్డాక ఆయన్ను పక్కనబెట్టారు. మరుసటేడు సర్ బిరుదు వచ్చింది, 1971లో రిటైరయ్యారు, 1988లో కన్నుమూశారు. మినీ 2000 దాకా, 53 లక్షలకు పైగా తయారైంది. అడ్డ ఇంజిన్ లోకమంతా పాకింది కానీ, గేర్‌బాక్స్ విషయంలో నెగ్గింది ఇటలీ. దాన్ని ఇంజిన్ కింద కాక పక్కన బిగించే పద్ధతిని ఫియట్ ఇంజనీరు డాంటే జకోసా 1964లో ఆటోబియాంకి ప్రిములాలో తెచ్చారు. మన వీధుల్లోని చిన్న కార్లు నడిచేది ఆ పద్ధతిలోనే.