అలాస్కా చినూక్ తగాదా: ముడి పడింది 2019 కాగితంలోనే

జూలై 1 దగ్గరపడుతుందంటే ఆగ్నేయ అలాస్కా రేవుల్లో గుబులు మొదలవుతుంది. ఆ రోజే వేసవి చినూక్ (సాల్మన్‌లో ఒక రకం చేప) వేట మొదలయ్యేది. ఓర్కా తిమింగలాలకు మేత దక్కడం లేదు కాబట్టి ఈ వేట ఆపాలంటూ వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన చేపల పరిరక్షణ సంస్థ వైల్డ్ ఫిష్ కన్సర్వెన్సీ 2020లో కేసు వేసింది. అదే సంస్థ 2024 జనవరిలో అలాస్కా చినూక్‌నే అమెరికా రక్షిత జాతుల జాబితాలో చేర్చాలని పిటిషన్ పెట్టడంతో పాత గొడవ మళ్లీ రాజుకుంది. ఆనకట్టలు, నరికిన అడవులు, పెరిగిన పట్టణాలు అలాస్కాకు దక్షిణాన ఉన్న నదుల్లో చేపను ఎలా దెబ్బతీశాయో తెలిసిన కథే. నేటి తగాదా అర్థం కావాలంటే 2019లో అమెరికా ప్రభుత్వ సముద్ర చేపల శాఖ నోవా ఫిషరీస్ రాసిన ఒక పత్రాన్ని చూడాలి.

ముందు చేప సంగతి. ఆగ్నేయ అలాస్కాలో గాలానికి పడే చినూక్‌లో అధిక భాగం బ్రిటిష్ కొలంబియా, వాషింగ్టన్, ఒరెగాన్ నదుల్లో పుట్టి మేత కోసం ఉత్తరానికి వచ్చినదే. అందుకే 1985లో అమెరికా, కెనడా పసిఫిక్ సాల్మన్ ఒప్పందం చేసుకున్నాయి. అయినా వాటాల పోరు చల్లారలేదు. 1997లో కెనడా జాలర్లు ప్రిన్స్ రూపర్ట్ రేవులో అలాస్కా ఫెర్రీని తమ పడవలతో చుట్టుముట్టి కదలనివ్వలేదు. 1999లో ఆ ఏడు చేప ఎంత ఉంటే అంతకు తగ్గ కోటా అనే పద్ధతి వచ్చింది. 2009లో అలాస్కా 15 శాతం, కెనడాలోని వాంకూవర్ దీవి పశ్చిమ తీరం 30 శాతం కోత ఒప్పుకున్నాయి. 2019లో మళ్లీ కోత పడింది: అలాస్కాకు 7.5 శాతం దాకా, కెనడాకు 12.5 శాతం దాకా.

అలాస్కాలో చినూక్‌ను గాలాలతో పట్టే బోట్లను ట్రోలర్లంటారు. ఇవి మన విశాఖ, కాకినాడ రేవుల్లోని ట్రాలర్లు కావు. వీళ్లు అడుగు ఊడ్చే వల లాగరు. స్టీలు తీగల చివర సుమారు 20 కిలోల సీసపు గుండ్లు కట్టి నీళ్లలోకి దించుతారు. ఒక్కో తీగకు వరసగా గాలాలు తగిలించి, నడక వేగంతో బోటు నడుపుతారు. చేపను ఒక్కొక్కటిగా పైకి తీసి, రక్తం కార్చి, కడుపు శుభ్రం చేసి మంచులో పెడతారు. 28 అంగుళాలకు తక్కువుంటే వదిలేయాలి. అయితే ఎక్కిన చేప ఏ నదిలో పుట్టిందో గాలానికి తెలియదు. వాషింగ్టన్ రాష్ట్ర తీరంలోని ప్యూజెట్ సౌండ్ చినూక్ 1999 నుంచి రక్షిత జాబితాలో ఉంది. అదొక్కటి పడ్డా చట్టం అడ్డొస్తుంది. దాని నుంచి కాపాడేది నోవా ఇచ్చే మినహాయింపు పత్రం. ఆ కాగితం లేకపోతే చినూక్ వేట లేనట్టే.

2019లో ఆ మినహాయింపు ఇస్తూ నోవా ఒక లెక్క వేసింది. వాషింగ్టన్ వైపు దక్షిణ తీరపు ఓర్కాలు 1995లో 98 ఉండేవి, అప్పటికి 75 దరికి పడిపోయాయి. కోటా కోత ఒక్కటే వాటికి చాలదని నోవాకు తెలుసు. లోటును హ్యాచరీలతో, అంటే చేపపిల్లలను పెంచే కేంద్రాలతో, పూడుస్తామంది: ఏటా సుమారు 2 కోట్ల చినూక్ పిల్లలను అదనంగా వదిలితే ఓర్కాల మేత 4-5 శాతం పెరుగుతుందని. తప్పంతా ఇక్కడే జరిగింది. ఆ పథకానికి డబ్బు ఏటా అమెరికా చట్టసభ (కాంగ్రెస్) ఇవ్వాలి. ఏ హ్యాచరీలో ఎన్ని పిల్లలన్నది ఖరారు కాలేదు. నేడు వదిలిన పిల్ల ఓర్కా తినే సైజుకు రావడానికి మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది, వేట మాత్రం ఆ ఏడే సాగుతుంది. పైగా దారితప్పిన హ్యాచరీ చేపలు నదిలో సహజ చేపలతో జతకడితే, ఆ సంతానానికి బతికే శక్తి తగ్గుతుంది. ఆ ప్రభావంపై చట్టం అడిగే పరిశీలనా పూర్తి చేయలేదు.

కన్సర్వెన్సీ పట్టుకున్నది ఈ లోపాన్నే. 2022 ఆగస్టులో సియాటిల్ జడ్జి రిచర్డ్ జోన్స్ నోవాది తప్పని తేల్చారు. 2023 మే 2న ట్రోలర్ల చినూక్ మినహాయింపును కొట్టేశారు. హ్యాచరీ పథకాన్ని మాత్రం సాగనిచ్చారు. తప్పు రాసింది నోవా, పడవ కట్టేసుకోవాల్సింది ఆగ్నేయ అలాస్కా ఊళ్లైన సిట్కా, క్రెయిగ్, పెలికాన్ మనుషులు. పెలికాన్ లాంటి ఊళ్లకు రోడ్డు లేదు. చేప కొనే ప్లాంటు మూతపడితే డీజిలు, మంచు, కూలి అన్నీ దానితోనే పోతాయి. సీజనుకు పది రోజుల ముందు, జూన్ 21న, అప్పీలు కోర్టు స్టే ఇచ్చింది. వేట వల్ల ఓర్కాలకు జరిగే నష్టం ఊహాజనితమని, ఊళ్లకు కలిగే దెబ్బను కింది కోర్టు సరిగా తూచలేదని 2024 ఆగస్టులో జోన్స్ ఉత్తర్వును రద్దు చేసింది. అక్టోబరులో నోవా కొత్త మినహాయింపు పత్రం ఇచ్చింది.

సముద్రంలో అన్ని నదుల చేపా కలగలిసి ఉన్నచోట కాకుండా, నది ముఖాల దగ్గర ట్రాపులతో పట్టి సహజ చేపను ప్రాణాలతో వదలాలన్నది కన్సర్వెన్సీ వాదన. చేపకు అది మంచిదే. కానీ వాషింగ్టన్, ఒరెగాన్‌ల మధ్య పారే కొలంబియా నదిలో పట్టే చేప సిట్కా బోటుకు రాదు.

రక్షిత జాబితాలో చేర్చాలన్న పిటిషన్‌కు తగినంత ఆధారం కనిపిస్తోందని 2024 మేలో నోవా పూర్తి సమీక్షకు తీసుకుంది. ఈసారి రక్షణ కోరుతున్నది అలాస్కా గల్ఫ్‌లో కలిసే నదుల సొంత చేపకు. జాబితాలోకి ఎక్కితే ఆంక్షలు ట్రోలర్లతో ఆగవు, అలాస్కాలోనే ఉన్న కుక్ ఇన్‌లెట్, కోడియాక్‌లలో వలవేసే జాలర్లకూ తగులుతాయి.