తాగి నడిపాడని కోర్టులో తేలాలంటే..

కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున ఏం జరిగిందో మళ్లీ చెప్పక్కర్లేదు. రోడ్డు మీద పడి ఉన్న బైక్‌ను ఢీకొన్న బస్సుకు నిప్పంటుకుని 19 మంది కాలిపోయారు. అంతకుముందే డివైడర్‌ను గుద్దుకుని పడిపోయిన ఆ బైక్‌ను నడిపిన యువకుడూ చనిపోయాడు. అతను మద్యం తాగి ఉన్నాడని ఎఫ్‌ఎస్‌ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబ్) నివేదిక తేల్చింది. చనిపోయిన మనిషి మీద విచారణ ఉండదు కాబట్టి ఆ నివేదికను క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలదీసే అవసరం రాలేదు. అదే ఆ యువకుడు బతికి బోనులో నిలబడితే కథ వేరు.

శిక్షలు పెంచాలన్న మాట అప్పటి నుంచి వినిపిస్తూనే ఉంది. శిక్ష 2019లోనే పెరిగింది. మొదటిసారి దొరికితే 2 వేలున్న ఫైన్ 10 వేల దాకా వెళ్లింది, ఆరు నెలల జైలు ముందు నుంచీ ఉంది. చిక్కు శిక్షలో లేదు, రుజువులో ఉంది. దాని మూలం 1994 సవరణ.

1988 మోటారు వాహనాల చట్టం మొదట రక్తంలో మద్యం ఏ కాస్త ఉన్నా నేరమే అంది. 1994లో తాగి నడపడాన్ని నేరంగా చెప్పే 185వ సెక్షన్ మారింది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటాలి, అదీ బ్రీత్ అనలైజర్‌లో తేలాలి. అప్పటి నుంచి నేరం ఒక అంకె మీద, ఒక మెషీన్ మీద ఆధారపడింది. తలకు దెబ్బ తగిలి స్ట్రెచర్ మీద ఉన్నవాడు ఊదలేడు. రక్తపరీక్ష రిపోర్ట్ ఉన్నా, ‘సెక్షన్ అడిగింది ఇది కాదు’ అని డిఫెన్స్ లాయర్లు వాదించడానికి పాతికేళ్లు దారి దొరికింది. ల్యాబ్ పరీక్ష అన్న మాట ఆ సెక్షన్‌లోకి వచ్చింది 2019లోనే.

రోడ్డు మీద చెకింగ్‌లో ఈ లోపం బయటపడదు. ఊదుతారు, అంకె వస్తుంది, చాలామంది తప్పు ఒప్పుకుని ఫైన్ కట్టి వెళ్లిపోతారు. మెషీన్ సరైన అంకె చూపేలా సరిచూసే కాలిబ్రేషన్ ఎప్పుడు చేశారని అడిగేవారుండరు. ప్రాణం పోయిన కేసులో మాత్రం ప్రతి ముడీ విప్పి చూస్తారు.

రాత్రి ఒంటిగంటకు హైవే మీద ప్రమాదం జరిగిందనుకోండి. డ్రైవర్ రక్తంలో 60 మిల్లీగ్రాములుంది. మద్యం గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గుతుంది. నాలుగింటికి రక్తం తీస్తే మిగిలేది 15, అంటే పరిమితిలో సగం. అరెస్టయిన రెండు గంటల్లో వైద్య పరీక్ష జరగకపోతే కస్టడీ నుంచి వదిలేయాలని 202వ సెక్షన్ చెప్పేది ఇందుకే. పైగా సూది గుచ్చే ముందు చేతిని స్పిరిట్ (అదీ ఆల్కహాలే) దూదితో తుడిచారా? గాజు సీసాలో సోడియం ఫ్లోరైడ్ వేశారా? అది లేకపోతే నిల్వలో రక్తం పులిసి కొత్తగా ఆల్కహాల్ పుట్టొచ్చు. సీల్ ఎవరు వేశారు, ల్యాబ్‌కు చేరేదాకా ఎక్కడ ఉంచారు? వీటికి జవాబు లేకపోతే లాయర్‌ను తప్పుపట్టడం అన్యాయం. నిందితుడికి శిక్ష పడాలంటే ఆ సీసాలో ఉన్నది అతని రక్తమేనని, ఆ రాత్రిదేనని ఎవరో ఒకరు చెప్పగలగాలి.

క్షతగాత్రులను కాపాడటమే ముందు పని, సిబ్బంది చాలరు అంటారు పోలీసులు. అదీ నిజమే.

డాక్టర్ ‘మద్యం వాసన వస్తోంది’ అని రాస్తే చాలదని సుప్రీంకోర్టు 1971లోనే చెప్పింది. వాసన, తూలే నడక, తడబడే మాట ఉన్నా, రక్తం గానీ మూత్రం గానీ పరీక్షించలేదు కాబట్టి తాగినట్టు తేలలేదంది. 2021లో అదే కోర్టు ఒక ఇన్సూరెన్స్ కేసులో, పరీక్ష లేకపోయినా ఇతర ఆధారాలతో కంపెనీ నిరూపించుకోవచ్చని చెప్పింది. క్లెయిమ్ ఆపడానికి సరిపడే ఆధారం మనిషిని జైలుకు పంపడానికి సరిపోదు.

గంజాయి సంగతి ఇంకా కష్టం. అక్కడ అంకే లేదు. బండిని అదుపు చేయలేని స్థితిలో ఉన్నాడని చూపాలి. మూత్రంలో గంజాయి ఆనవాళ్లు రోజుల తరబడి ఉంటాయి కాబట్టి పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఆ రాత్రి మత్తులో నడిపాడని కాదు. అతను ఎలా నిలబడ్డాడు, కళ్లెలా ఉన్నాయి, అడిగినదానికి ఏమన్నాడు అని డాక్టర్ ఆ గంటలోనే రాసిన కాగితం ఉంటే కేసు నిలబడుతుంది. మర్నాడు రాసిన కాగితంతో నిలబడదు.