ఉత్తర ఇటలీలో సైకిల్ యాత్ర: అపోహలు - వాస్తవాలు

నేను వెరోనాలో ఉంటాను. చిన్న చిన్న బృందాలను సైకిళ్ళ మీద ఊళ్ళు తిప్పి చూపించడం పన్నెండేళ్ళుగా నా పని. ఈమధ్య మనవాళ్ళ ఫోన్లు ఎక్కువయ్యాయి. మిలాన్‌లోనో, పాదువాలోనో చదువుకునే పిల్లలు అమ్మానాన్నలను రప్పించుకుంటున్నారు. "అన్నా, మా నాన్నగారు రోజూ కరకట్ట మీద సైకిల్ తొక్కుతారు. ఇక్కడ తొక్కగలరా?" అని అడుగుతారు. అందరి ప్రశ్నలూ కాళ్ళ గురించే. ఎంత దూరం, ఎంత ఎత్తు, మోకాళ్ళు ఓర్చుకుంటాయా అని.

కాళ్ళు సహకరించక మధ్యలో ఆగిపోయినవాళ్ళు ఇన్నేళ్ళలో నాకు ఇద్దరో ముగ్గురో తగిలారు, అంతే. పాడైన రోజులన్నీ వేళ తెలియక పాడైనవే. గాలి తిరిగే వేళ, హోటల్ వంటిల్లు మూసే వేళ, రైలు వేళ. నేను తరచూ వినే అపోహలను ఆ దృష్టితోనే ఒక్కొక్కటిగా చెబుతాను.

అపోహ: ఇటలీలో సైకిల్ అంటే కొండలెక్కడమే

టీవీలో జిరో దితాలియా సైకిల్ పోటీలు చూసినవాళ్ళకు ఈ భయం సహజం. స్తెల్వియో కనుమ ఎత్తు 2,757 మీటర్లు, ప్రాతో ఊరివైపు నుంచి ఎక్కితే 48 మలుపులు. అది పోటీవాళ్ళ లోకం. ఆల్ప్స్ దిగి దక్షిణానికి వస్తే పో నది మైదానం మొదలవుతుంది. వరి, మొక్కజొన్న, కాలవలు, కరకట్టలు. గోదావరి జిల్లాల్లో పెరిగినవాళ్ళకు కొత్తగా ఏమీ అనిపించదు.

మొదటిసారి వచ్చేవాళ్ళను నేను గార్డా సరస్సు ఒడ్డున ఉన్న పెస్కియేరా నుంచి మించో నది వెంట మాంతోవాకు తీసుకెళ్తాను. దూరం సుమారు 45 కిలోమీటర్లు. సరస్సు నీటిమట్టం సముద్రమట్టానికి 65 మీటర్ల ఎత్తు, మాంతోవా సుమారు 20 మీటర్లు. అంటే కిలోమీటరుకు మీటరు చొప్పున పల్లం. దారిలో బొర్గెత్తో అనే ఊరు వస్తుంది. నీటి మరలు, వాటి మీదుగా మిలాన్ పాలకుడు జాన్ గలియాత్సో విస్కోంతీ 1393లో కట్టించిన భారీ వంతెన. నదిని మళ్ళించి, మాంతోవాను కాపాడే సరస్సులను ఎండగట్టాలన్నది ఆయన ఎత్తు అంటారు. ఎత్తు పారలేదు, వంతెన మిగిలింది.

ఒక జులైలో విజయవాడ నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు, 64 ఏళ్ళు, నాతో ఈ దారి తొక్కారు. ఎండకు భయపడి పొద్దున ఆరున్నరకే బయల్దేరాం. పదకొండు కాకముందే మాంతోవా సరస్సు దగ్గర ఉన్నాం. ఒడ్డుకు చేరగానే ఆయన సైకిల్ దిగి నిలబడిపోయారు. నీళ్ళు కనపడకుండా గొడుగుల్లాంటి ఆకులు, వాటి పైకి చెయ్యెత్తు కాడల మీద గులాబిరంగు పూలు. "ఇవి మన తామరలేనయ్యా!" అన్నారు. నిజంగా తామరలే. దుంపల పిండి ఆహారానికి పనికొస్తుందేమోనని 1921లో తెచ్చి వేశారట. పిండి సంగతి ముందుకు సాగలేదు గానీ, తామర సరస్సంతా అల్లుకుపోయి ఇప్పుడు ఏటా కోయించాల్సి వస్తోంది. ఆయన అక్కడ అరగంట కూర్చున్నారు. కాళ్ళ నొప్పుల మాటే రాలేదు.

అపోహ: పల్లం దారి అయితే తొక్కక్కర్లేదు

ఆదిజే నది వెంట దారి గురించి ఇలా అనుకుంటారు. ఆస్ట్రియా సరిహద్దు దగ్గర రేసియా కనుమ 1,504 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి సరస్సులో మునిగిన ఊరి తాలూకు గంటగోపురం ఒక్కటే నీళ్ళలోంచి నిలబడి కనిపిస్తుంది. ఆనకట్ట కట్టి 1950లో ఆ ఊరిని ముంచేశారు. అక్కణ్ణుంచి మెరానో దాకా ఆపిల్ తోటల మధ్య దిగుడే దిగుడు, బ్రేకు మీద చెయ్యి తీయబుద్ధి కాదు. దాంతో మిగతా దారీ ఇంతే అనుకుంటారు.

లెక్క చూడండి. అదే లోయలో ఇంకా దిగువన ఉన్న బొల్జానో ఎత్తు 262 మీటర్లు, దాని తర్వాతి త్రెంతో 194. మధ్య దూరం 60 కిలోమీటర్ల పైమాటే. ఆ వాలు చక్రానికి తెలియనంత తక్కువ. అక్కడ నిర్ణయించేది గాలి. మధ్యాహ్నానికి కొండవాలులు ఎండకు వేడెక్కి, అక్కడి గాలి పైకి లేస్తుంది. ఆ చోటు నింపడానికి దక్షిణాన గార్డా సరస్సు నుంచి, మైదానం నుంచి చల్లగాలి లోయలోకి ఎగబాకుతుంది. గార్డా వాళ్ళు దాన్ని 'ఓరా' అంటారు. తెల్లవారుజామున ఉత్తరం నుంచి దిగే గాలి పేరు 'పెలేర్'. అక్కడి తెరచాప పడవలవాళ్ళకు ఈ రెండూ గడియారం ముళ్ళతో సమానం.

మనం ఉత్తరం నుంచి దక్షిణానికి తొక్కుతాం కాబట్టి పొద్దున గాలి వీపు తడుతుంది, మధ్యాహ్నం గాలి ఛాతీ మీద చెయ్యి పెట్టి ఆపుతుంది. ఒకసారి అద్దెకిచ్చినవాళ్ళు సైకిళ్ళు తెచ్చేసరికి పదిన్నర అయింది. నా బృందం చివరి 25 కిలోమీటర్లకు మూడు గంటలు తీసుకుంది. పల్లంలో పెడల్ ఆపితే సైకిల్ ఆగిపోతోంది. వెంట వచ్చిన ఒక చెల్లెమ్మ కళ్ళలో నీళ్ళు తిరగడం చూశాను. వారం తర్వాత ఇంకో బృందంతో అదే దారి. ఈసారి సైకిళ్ళు ముందురోజు రాత్రే తెప్పించి, ఏడింటికి బొల్జానో దాటాం. పన్నెండున్నరకు త్రెంతోలో భోజనం చేస్తున్నాం. ఆ రెండు బృందాల సత్తువలో తేడా ఏమీ లేదు.

అపోహ: మ్యాపులో గీత ఉంటే దారంతా సైకిల్ దారే

యూరోవెలో అనేది దేశాల మీదుగా గీసిన మార్గం పేరు. అందులో విడిగా వేసిన సైకిల్ దారులుంటాయి, పల్లెరోడ్లుంటాయి, లారీలు తిరిగే రోడ్ల ముక్కలూ ఉంటాయి. వెనిస్ నుంచి తొరీనో దాకా పో నది వెంట 700 కిలోమీటర్ల దారి వేయాలని మిలాన్ పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2010లో ప్రతిపాదించారు. పేరు వెంతో. మంచి ఆలోచన, పని ముక్కలు ముక్కలుగా నడుస్తోంది. ముక్కకూ ముక్కకూ మధ్య, ముఖ్యంగా పో నది మీద పాత వంతెనల దగ్గర, పక్కనుంచి లారీ పోతుంటే హ్యాండిల్ గట్టిగా పట్టుకోవాల్సిందే.

గార్డా సరస్సు సంగతీ ఇంతే. లిమోనే దగ్గర కొండచరియకు వేలాడుతున్నట్టు కట్టిన సైకిల్ దారి 2018లో తెరిచారు. ఫొటోలు చూసి సరస్సు చుట్టూ అలాగే ఉంటుందనుకుంటారు. ఆ వేలాడే ముక్క రెండు కిలోమీటర్ల చిల్లర. పశ్చిమపు ఒడ్డున రోడ్డంతా సొరంగాలు, ఇరుకు. అక్కడ సైకిల్‌ను పడవ ఎక్కించండి.

నమ్మకంగా తొక్కదగ్గ పొడవైన దారి కావాలంటే నేను రెండు చెబుతాను. ఒకటి ఫెరారా జిల్లాలో పో కుడిగట్టు దారి. స్తెల్లాతా నుంచి సముద్రం దగ్గరి గోరినో దాకా సుమారు 120 కిలోమీటర్లు, చాలావరకు కరకట్ట మీదే. రెండోది ఆల్పే ఆద్రియా. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో మొదలై గ్రాదో సముద్రతీరంలో ముగుస్తుంది, 400 కిలోమీటర్ల పైన. ఇటలీలో దిగాక చాలా దూరం 1879లో పూర్తయిన పాత రైలుమార్గం మీదే వేశారు. రైలు నిటారుగా ఎక్కలేదు కాబట్టి అంత కొండల్లోనూ దారి నింపాదిగా దిగుతుంది. పాత వంతెనలు, దీపాలు పెట్టిన సొరంగాలు, కియుజఫోర్తెలో పాత స్టేషన్లోనే కాఫీ.

ఆ దారిలో వెంజోనే అనే ఊళ్ళో తప్పకుండా ఆగండి. 1976 మేలో వచ్చిన భూకంపానికి సగం, సెప్టెంబరులో వచ్చినదానికి మిగతా సగం కూలిపోయింది. ఊరివాళ్ళు పడిపోయిన రాళ్ళను ఏరి, అంకెలు వేసి, ఏ రాయి ఎక్కడిదో చూసుకుని ప్రధాన చర్చిని మళ్ళీ నిలబెట్టారు. గోడ దగ్గరకు వెళ్తే పాతరాయికీ కొత్తరాయికీ రంగు తేడా తెలుస్తుంది. నేను ఎన్నిసార్లు వెళ్ళినా ఆ గోడ మీద ఒకసారి చెయ్యి పెట్టి వస్తాను.

అపోహ: సన్నటైర్ల రేసు సైకిలే మంచిది

దారి మీద వేగం బాగుంటుంది, ఊళ్ళోకి వచ్చాక ఏడుస్తారు. మాంతోవా, సబ్బియొనేతా, ఫెరారా పాత వీధులు నదిలోంచి తెచ్చిన గుండ్రటి గులకరాళ్ళతో పరిచినవి. పిడికిలంత రాళ్ళు పక్కపక్కనే నిలబెట్టినట్టు ఉంటాయి. వాన పడితే సబ్బు రాసినట్టే. చాలాచోట్ల బండిచక్రాల కోసం మధ్యలో నున్నటి రాతిపలకలు రెండు వరసలు వేశారు. ఊరివాళ్ళు వాటి మీదే తొక్కుతారు, మీరూ వాళ్ళ వెనకే వెళ్ళండి. కరకట్టల మీద కంకరదారులూ తగులుతాయి. టైరు 35 నుంచి 40 మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలి, గాలి కాస్త తగ్గించాలి.

అపోహ: పిజ్జా, పాస్తా ఉంటాయి కదా, తిండికి దిగులేముంది

దిగులు రెండు వైపుల నుంచి. మొదటిది మళ్ళీ వేళే. పల్లెల్లో వంటిల్లు పన్నెండు, పన్నెండున్నరకు తెరిచి రెండు, రెండున్నరకు మూసేస్తారు. మళ్ళీ సాయంత్రం ఏడు దాటాకే. కిరాణాకొట్లూ మధ్యాహ్నం మూతే. రెండు నలభైకి వెళ్ళి బతిమాలితే మహా అయితే ఒక ముక్క కేకు పెడతారు. అందుకే అరటిపళ్ళు, వేయించిన వేరుశెనగపప్పు నా సంచిలో ఎప్పుడూ ఉంటాయి.

రెండోది శాకాహారులకు. మాంతోవా గుమ్మడికాయ తొర్తెల్లీ ధైర్యంగా తినొచ్చు. పిండిలో గుమ్మడిగుజ్జు, బాదం రుచి బిస్కెట్ల పొడి, ఆవఘాటు వేసి నిల్వచేసిన పళ్ళముక్కలు, జున్ను పెట్టి, పైన వెన్నలో వేయించిన సేజ్ ఆకులు వేస్తారు. తియ్యగా ఉండి చివర్లో ఘాటు తగులుతుంది. ఫెరారాలో దాదాపు ఇదే వంటకం మాంసపు సాసుతోనూ వస్తుంది కాబట్టి వెన్నతో కావాలని అడగండి. ఆ ఊరి పేరుపడ్డ మెలికల రొట్టెలో పందికొవ్వు కలుపుతారు, చూస్తే తెలియదు. పర్మెసాన్ జున్నుకు పాలు విరగ్గొట్టేది దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో. పట్టింపు ఉన్నవాళ్ళు ముందే తెలుసుకోవాలి. "సెంజా కార్నె, సెంజా బ్రోదో ది కార్నె, సెంజా స్త్రుత్తో" అని కాగితం మీద రాసుకోండి: మాంసం వద్దు, మాంసపు రసం వద్దు, పందికొవ్వు వద్దు.

మాంసం తినేవాళ్ళు మాంతోవాలో 'రీజో అల్లా పిలోతా' వదలకండి. ధాన్యం దంచే మరల్లో పనివాళ్ళను పిలోతి అనేవారు, వాళ్ళ వంట ఇది. మరిగే నీళ్ళలో బియ్యం కుప్పగా పోస్తారు. కుప్ప మొన మాత్రం నీటి పైకి కనపడేలా నీళ్ళు కొలత. కాసేపు ఉడికించి, దించి, మూతపెట్టి గుడ్డ కప్పేస్తారు. గంజి వార్చరు. అచ్చం మన అత్తెసరే. చివర్న పంది సాసేజి కలుపుతారు. వెరోనాకు దక్షిణాన ఇసోలా దెల్లా స్కాలా చుట్టూ ఆ బియ్యం పండే మళ్ళ గట్ల మీదుగానే సైకిల్ మీద వెళ్తాం.

అపోహ: అలసిపోతే ఏదో ఒక రైలెక్కేయొచ్చు

సైకిల్ గుర్తు ఉన్న ప్రాంతీయ రైళ్ళలోనే ఎక్కించాలి, సైకిల్‌కు వేరే టికెట్ ఉంటుంది, చోటు కొన్నింటికే. వేగపు రైళ్ళలో విడదీసి సంచిలో పెడితేనే. ఆదివారం సాయంత్రం ఊరంతా సైకిళ్ళతోనే తిరిగొస్తుంది, ఆ వేళకు మాత్రం పెట్టుకోకండి.

అపోహ: వెనిస్‌లోకి సైకిల్ నడిపించుకుంటూ వెళ్ళొచ్చు

వెళ్ళకూడదు. పాత నగరంలో తొక్కడమే కాదు, చేత్తో నెట్టుకుంటూ నడవడమూ నిషేధం, జరిమానా వేస్తారు. నీటికి ఇవతల నేలమీద ఉన్న మెస్త్రేలో సైకిల్ పెట్టి రైల్లో వెళ్ళండి. లేదా త్రొంకెత్తో రేవు నుంచి కార్లెక్కించే పడవలో లీదో దీవికి వెళ్ళి, దాని చివరిదాకా తొక్కి, మళ్ళీ పడవలో పెల్లెస్త్రీనా దీవికి దాటండి. ఒకపక్క సముద్రం, ఇంకోపక్క ఉప్పుటేరు.

చిన్న సందేహాలు

హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి కాదు, నాతో వచ్చేవాళ్ళకు మాత్రం తప్పనిసరి. గంట, దీపాలు ఉండాలి. ఊళ్ళ బయట చీకటిపడ్డాక, సొరంగాల్లోనూ మెరిసే చొక్కా వేసుకోవాల్సిందే. బ్యాటరీ సైకిల్ తీసుకోవడం చిన్నతనం కాదు. భార్యాభర్తల్లో ఒకరికి అలవాటుండి ఒకరికి లేకపోతే ఆ తేడాను అదే సరిచేస్తుంది.

కాలం ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారాల దాకా, మళ్ళీ సెప్టెంబరు, అక్టోబరు. జులై, ఆగస్టుల్లో మైదానంలో ఉక్కపోత మన కోస్తాకు తక్కువేం కాదు, కరకట్ట మీద చెట్టునీడ ఉండదు, దోమలూ ఉంటాయి. నవంబరు నుంచి పొగమంచు.

సెలవు అయిదు రోజులే ఉంటే ఇలా చేయండి. వెరోనాలో ముందురోజు సాయంత్రమే సైకిల్ తీసుకుని సీటు ఎత్తు సరిచూసుకోండి. పొద్దున ప్రాంతీయ రైల్లో పెస్కియేరా దిగి మధ్యాహ్నానికి మాంతోవా చేరండి. మర్నాడు అక్కడే ఉండిపోండి. కోటలో మంతేన్యా చిత్రాలు వేసిన గదికి ముందే టికెట్ తీసుకోండి. తర్వాత రెండు రోజులు పో గట్టు మీద నెమ్మదిగా ఫెరారాకు, మధ్యలో ఒక రాత్రి ఏదైనా పల్లెలో. దారిలో దాహం వేస్తే దూరంగా గంటగోపురం కనపడేచోట గట్టు దిగండి. చర్చిముందు ఖాళీస్థలంలో చాలాసార్లు తాగునీటి కొళాయి ఉంటుంది. అయిదో రోజు పొద్దున ఫెరారా కోటగోడ మీద తొమ్మిది కిలోమీటర్లు చుట్టి, బొలోన్యాలో రైలు మారి వెరోనా వచ్చేయండి.