కిలోమీటర్లా, నిమిషాలా? విమాన ఛార్జీల పరిమితి వెనక కథ

హైదరాబాద్–విశాఖ మధ్య గగనతల దూరం 510 కిలోమీటర్ల పైచిలుకు. ఛార్జీలకు ఈమధ్య కళ్లెం వేసినప్పుడు ఈ రూటు ప్రయాణికులకు ఆ పైచిలుకే గుదిబండ అయింది. 2025 డిసెంబర్‌లో ఇండిగో సర్వీసులు పెద్దసంఖ్యలో రద్దయి టికెట్ల ధరలు భగ్గుమన్నప్పుడు, పౌర విమానయాన శాఖ 6వ తేదీన పరిమితి విధించింది. 500 కి.మీ. వరకు 7,500 రూపాయలు, అది దాటి వెయ్యి వరకు 12,000. పన్నులు, విమానాశ్రయ రుసుములు అదనం. పదీ పన్నెండు కిలోమీటర్ల తేడాకు విశాఖ టికెట్ పరిమితి 4,500 పెరిగిపోయింది.

చిన్న పట్టణాలకు చౌకగా విమానాలు నడిపే 2016 నాటి ఉడాన్ పథకంలో ఇంత పెద్ద మెట్టు లేదు. ‘గంట ప్రయాణం 2,500 రూపాయలు’ అని ప్రచారం జరిగినా, ఆ గంటకు లెక్క సుమారు 500 కి.మీ. పట్టికలో ధర 25 కి.మీ.కు ఒక మెట్టు చొప్పున కొద్దికొద్దిగా పెరిగేది.

అసలు మలుపు 2020 మేలో వచ్చింది. లాక్‌డౌన్ తర్వాత 25వ తేదీన దేశీయ విమానాలు మళ్లీ ఎగిరినప్పుడు, శాఖ కిలోమీటర్లను వదిలి నిమిషాలను పట్టుకుంది. రూట్లన్నీ ఏడు తరగతులయ్యాయి: 40 నిమిషాల లోపు 2,000 నుంచి 6,000 రూపాయలు, 40–60 నిమిషాలకు 2,500 నుంచి 7,500, అలా పైకి. మధ్యలో అంకెలు మారినా, 2022 ఆగస్టు ఆఖరు వరకు ఈ పద్ధతే నడిచింది.

చిక్కంతా నిమిషాలతోనే. హైదరాబాద్–విజయవాడ దూరం దాదాపు 264 కి.మీ. గంటకు 500 కి.మీ. వేగంతో వెళ్లే ఏటీఆర్ (రెక్కలకు పంకాలుండే చిన్న విమానం)కు కాగితం మీద 32 నిమిషాలు చాలు. టైమ్‌టేబుల్లో మాత్రం గంట దాకా ఉంటుంది. ఎందుకంటే చక్రాల దిమ్మలు తీసి విమానం కదిలినప్పటి నుంచి అవతల మళ్లీ దిమ్మలు పెట్టేదాకా అంతా లెక్కలోకి వస్తుంది. రన్‌వే దాకా విమానం నడక, వరుసలో నిరీక్షణ కలిపి పది పదిహేను నిమిషాలు. దిగాక మరో ఐదు. శంషాబాద్ రన్‌వేలు తూర్పు–పడమరలు. గాలి పడమటి నుంచి వీస్తే విమానం పడమటికే లేచి, చుట్టు తిరిగి తూర్పున ఉన్న విజయవాడ వైపు మళ్లాలి. జెట్ అయినా పెద్దగా కలిసిరాదు: 10,000 అడుగుల లోపు వేగం సాధారణంగా 250 నాట్లు, అంటే గంటకు 463 కి.మీ. మించకూడదు. పూర్తి ఎత్తు అందుకునేలోపే దిగడం మొదలుపెట్టాలి.

చిన్న రూట్లలో నేల మీది నిమిషాలకూ ఇంధనం, సిబ్బంది ఖర్చు ఉంటుందన్నది విమాన సంస్థల వాదన. అందులో నిజముంది. కానీ టైమ్‌టేబుల్లో నిమిషాలు రాసేది ఆ సంస్థలే. ఆలస్యమైనా ‘సమయానికే చేరాం’ అనిపించుకోవడానికి కాస్త ఎక్కువే రాసుకుంటాయి. ఏ రూటు ఏ తరగతిలో ఉందో తెలియాలంటే ప్రయాణికుడు 2020లో శాఖ జాబితా వెతుక్కోవాల్సి వచ్చింది. రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలు తెలిస్తే దూరం ఎవరైనా లెక్కగట్టొచ్చు. అది గాలిని బట్టీ, విమానాన్ని బట్టీ మారదు.

ఆ లెక్కన 2025లో కిలోమీటర్లకు తిరిగి రావడం సరైనదే. ఉడాన్‌లోని చిన్న మెట్లను మాత్రం వెంట తేలేదు. తెచ్చి ఉంటే విశాఖ ప్రయాణికుడికి 500 దాటిన ఆ కొద్దిపాటి దూరానికి పెరిగేది ఒక్క మెట్టే.